తీగ కలిసింది, మాట కలవలేదు

చార్మినార్ నుంచి ఫలక్‌నుమా ప్యాలెస్ దాదాపు 5 కిలోమీటర్లు. శాలిబండ మీదుగా సాయంత్రం ఆటోలో వెళ్తే ఎంతసేపు పడుతుందో ఆ రోజు రద్దీయే చెప్పాలి. ఆప్టికల్ ఫైబర్‌లో వెలుగు మాత్రం అంత దూరాన్ని 25 మైక్రోసెకన్లలో, అంటే సెకనులో 40 వేలవ వంతులో దాటేస్తుంది. లాడ్‌బజార్‌లో గాజుల డబ్బాల పక్కన పెట్టిన క్యూఆర్ కోడ్ పనిచేసినా, పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద బట్టల కొట్టులో బిల్లు మిషన్ నడిచినా, ఇరుకు గల్లీలో ఇంటర్ చదివే అమ్మాయి హాల్‌టికెట్ దించుకున్నా ఆ వేగం పుణ్యమే.

ఒక్కోసారి అదంతా ఉన్నట్టుండి ఆగిపోతుంది. తీగ తెగి ఉండదు. కరెంటు ఉంటుంది. రెండు చివర్లలోనూ రౌటర్ల పచ్చలైట్లు వెలుగుతూనే ఉంటాయి. అప్పుడు నెట్‌వర్క్ సిబ్బంది నోట వినిపించే మాట ఒకటే: “లింక్ అప్ ఉంది, నైబర్ రావట్లేదు.” ఈ అధ్యాయం ఆ మాట లోపల ఏముందో విప్పి చూస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు రౌటర్లు ఎందుకు మాట్లాడుకోవు? ఆ మౌనం వెనక కారణాన్ని ఎలా పట్టుకోవాలి? పొరపాటుగా మాట్లాడటం కన్నా మౌనంగా ఉండటమే మేలని వాటిని తయారుచేసినవాళ్లు ఎందుకు అనుకున్నారు?

పటంలో గీత ఎలా పడుతుంది

ఒక నమూనా నెట్‌వర్క్‌ను ఊహించుకుందాం. మదీనా, శాలిబండ, ఫలక్‌నుమా, సంతోష్‌నగర్, మలక్‌పేట: ఈ ఐదు చోట్లా ఒక్కో రౌటర్, వాటిని వలయంగా కలుపుతూ ఫైబర్. ఒక వైపు దారి మూసుకుపోతే రెండో వైపు నుంచి చుట్టి రావడానికే వలయం. ఫలక్‌నుమాలో ఒక ఇంటి నుంచి బయలుదేరిన ప్యాకెట్ మదీనా చేరడానికి రెండు దారులున్నాయి. వాటిలో ఏది పట్టాలో ప్యాకెట్‌కు తెలియదు. తెలియాల్సింది రౌటర్‌కు.

ఒక సంస్థ లోపలి నెట్‌వర్క్‌లలో ఇందుకు విస్తారంగా వాడే పద్ధతి పేరు ఓఎస్‌పీఎఫ్. ప్రతి రౌటరూ తనకు నేరుగా ఎవరెవరితో లింకు ఉందో ఒక చిన్న పత్రంగా రాసి పొరుగు రౌటర్లకు ఇస్తుంది. వాళ్లు దాన్ని తమ పొరుగువాళ్లకు అందిస్తారు. కాసేపటికి ఐదు చోట్లా ఒకే పటం తయారవుతుంది. 1959లో డచ్ శాస్త్రవేత్త ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా ప్రచురించిన లెక్క ప్రకారం ప్రతి రౌటరూ ఆ పటం మీద తన చోటి నుంచి అతి తక్కువ ఖర్చయ్యే దారిని కనుక్కుంటుంది. ఈ పద్ధతి రెండో వెర్షన్‌కు జాన్ మోయ్ రాసిన నిర్దేశ పత్రం 1998 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 2328గా వచ్చింది. ఐపీవీ4 నెట్‌వర్కుల్లో ఈనాటికీ అదే ఆధారం.

ఇందులో గుర్తుంచుకోవలసింది ఒకటుంది. శాలిబండకూ ఫలక్‌నుమాకూ మధ్య తీగ లాగినంత మాత్రాన పటంలో గీత పడదు. ఆ రెండు రౌటర్లూ ఒకదాన్నొకటి విని, తమ నియమాలు సరిపోయాయని తేల్చుకుని, తమ దగ్గరున్న సమాచారాన్ని పూర్తిగా మార్చుకున్నాకే గీత పడుతుంది. తీగ వేసేది మనం. పొరుగు కుదుర్చుకునేది అవి.

హలో, నీ మాట విన్నాను

ఇంటర్నెట్‌కు ముందు తరమైన ఆర్పానెట్ 1969లో మొదలైంది. అమెరికాలోని బీబీఎన్ సంస్థ ఇంజినీర్లు దానికోసం తయారుచేసిన ఐఎంపీలనే తొలి రౌటర్లు అనుకోవచ్చు. ఎవరికీ ఏమీ పంపే పని లేకపోయినా అవి తమ మధ్య లైన్ మీద చిన్న సందేశాలు పంపుకునేవి. ఒకటి “హలో” అంటే, రెండోది “నీ మాట విన్నాను” అనేది. ఆ జవాబు కొంతసేపు రాకపోతే లైన్ పోయినట్టు లెక్క. అర్ధ శతాబ్దం దాటినా ఆ ఆలోచన మారలేదు.

గల్లీకి అటూ ఇటూ రెండు మిద్దెల మీద ఇద్దరు నిలబడ్డారనుకోండి. నేను అరిచాను. అవతలి మనిషి గొంతు కూడా నాకు వినిపించింది. అంతమాత్రాన నా అరుపు ఆయనకు చేరిందని చెప్పలేను. ఆయన నా పేరు పట్టి పిలిస్తేనే నా గొంతు అక్కడి దాకా వెళ్లిందని రుజువు.

ఓఎస్‌పీఎఫ్ హలో ప్యాకెట్ ఈ రుజువునే మోసుకెళ్తుంది. ఈథర్‌నెట్ లింకు మీద మామూలుగా ప్రతి 10 సెకన్లకూ ఒక హలో వెళ్తుంది. అందులో పంపిన రౌటర్ గుర్తింపు సంఖ్య, అది ఏ ఏరియాలో ఉంది, హలోల మధ్య వ్యవధి ఎంత, ఎంతసేపు వినబడకపోతే పొరుగు పోయినట్టు లెక్కిస్తుంది, సబ్‌నెట్ మాస్క్ ఏమిటి అన్నవి ఉంటాయి. వీటితో పాటు ‘ఈ లింకు మీద నేను ఎవరెవరి మాట విన్నాను’ అనే జాబితా కూడా ఉంటుంది. అవతలి వాళ్ల జాబితాలో తన సంఖ్య కనిపించినప్పుడే రౌటర్ రెండు వైపులా మాట నడుస్తోందని నమ్ముతుంది. 40 సెకన్ల పాటు ఒక్క హలో కూడా రాకపోతే పొరుగును తీసేస్తుంది.

ఈ పరిచయం మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. ఏమీ వినబడనప్పుడు డౌన్. అవతలి హలో వినబడి, అందులో తన పేరు లేకపోతే ఇనిట్. పేరు కనిపిస్తే టూ-వే. ముందు ఎవరు మొదలుపెట్టాలో తేల్చుకునేది ఎక్స్‌స్టార్ట్. తమ దగ్గరున్న పత్రాల జాబితాలు మార్చుకునేది ఎక్స్ఛేంజ్. లేని పత్రాలు అడిగి తెచ్చుకునేది లోడింగ్. అంతా అయ్యాక ఫుల్. ఈ మెట్ల పేర్లు తెలిసినవారికి సగం రోగనిర్ణయం అక్కడే అయిపోతుంది. రౌటర్ ఏ మెట్టు మీద ఆగిందో చూస్తే ఏది సరిపోయిందో, ఏది సరిపోలేదో తెలుస్తుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఒకే స్విచ్‌కు చాలా రౌటర్లు కలిసి ఉన్నచోట ప్రతిదీ ప్రతిదానితో ఫుల్ కాదు. అవి ఒకరిని పెద్దగా, ఇంకొకరిని ఉపపెద్దగా ఎంచుకుని వాళ్లిద్దరితోనే పూర్తిగా మార్చుకుంటాయి. మిగతావి తమలో తాము టూ-వే దగ్గరే ఉంటాయి. అది లోపం కాదు. దాన్ని సరిచేయబోతే బాగున్నది చెడుతుంది.

మొదట వెలుగు సంగతి చూడాలి

పరీక్ష కింది నుంచి పైకి సాగాలి. ఫైబర్‌లోంచి వెలుగు వస్తోందా? వస్తే ఎంత? పవర్ మీటర్ దీన్ని డీబీఎంలలో చూపిస్తుంది. ప్రతి 3 డెసిబెళ్ల నష్టానికీ వెలుగు సగమవుతుంది. 1310 నానోమీటర్ల తరంగం మీద మంచి సింగిల్‌మోడ్ ఫైబర్‌లో కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెళ్లు పోతాయి. అంటే చార్మినార్ నుంచి ఫలక్‌నుమా దాకా పోయేది రెండు డెసిబెళ్ల లోపే. కాబట్టి ఈ దూరంలో మీటర్ పది, పన్నెండు డెసిబెళ్ల నష్టం చూపిస్తే తప్పు దూరానిది కాదు. ఎక్కడో స్ప్లైస్ సరిగ్గా పడలేదు, కనెక్టర్ మీద దుమ్ము చేరింది, లేదా కేబుల్ పదునుగా మడతపడింది. మడత దగ్గర 1550 నానోమీటర్ల వెలుగు 1310 కన్నా ఎక్కువగా కారిపోతుంది. అందుకే రెండు తరంగాల మీదా కొలిచి పోల్చి చూస్తే మడతను అనుమానించడం తేలికవుతుంది. ఓటీడీఆర్ పరికరం ఉంటే వెనక్కి తిరిగి వచ్చే వెలుగును బట్టి లోపం ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చెబుతుంది.

పాతబస్తీలో తీగకు కష్టాలు తక్కువేమీ కాదు. ఫైబర్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా, ఒకదాని మీద ఒకటిగా చుట్టుకున్న కేబుళ్ల గుత్తుల్లో వెళ్తుంది. ఊరేగింపులు వచ్చినప్పుడు వేలాడే తీగలను ఎత్తికట్టాలి. రోడ్డు విస్తరణ జరిగితే స్తంభమే మారుతుంది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల పాతబస్తీ మెట్రో మార్గానికి 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. దారుల్‌షిఫా, శాలిబండ, అలియాబాద్ మీదుగా వెళ్లే ఆ దారిలో పనులు సాగుతుంటే ఆ పక్కనున్న ప్రతి కేబులూ తన చోటు మార్చుకోవాల్సిందే.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్ తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ విషాదం తరువాత స్తంభాల మీది కేబుళ్లను తొలగించే పని నగరమంతా ఊపందుకుంది. చాలాచోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది. వివాదం మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు దాకా వెళ్లింది. మనుషుల ప్రాణాల ముందు ఏ కేబులూ ఎక్కువ కాదు. ఆ స్తంభాల మీద ఏ తీగ ఎవరిది, ఏ రౌటర్ నుంచి ఏ రౌటర్‌కు వెళ్తోంది అన్నది ముందే రాసిపెట్టి ఉంటే ప్రమాదకరమైన తీగనూ తీసేయవచ్చు, పనిలో ఉన్న తీగనూ కాపాడుకోవచ్చు. ఈ మాటను ముందు ముందు మళ్లీ పట్టుకుందాం.

పింగ్ వస్తోంది, నైబర్ రావట్లేదు

వెలుగు సరిపోయింది. ఇక్కడి నుంచి అవతలి రౌటర్‌కు పింగ్ చేస్తే జవాబు వస్తోంది. అయినా పొరుగు జాబితా ఖాళీ. కొత్తగా పనిలోకి వచ్చినవారు తికమకపడేది ఇక్కడే. పింగ్ వచ్చిందంటే అన్నీ బాగున్నట్టే కదా?

కాదు. పింగ్ ఒక నిర్దిష్ట చిరునామాకు వెళ్లే ఐసీఎంపీ ప్యాకెట్. హలో వెళ్లేది 224.0.0.5 అనే గుంపు చిరునామాకు. దాని ప్రోటోకాల్ సంఖ్య కూడా వేరు, 89. మధ్యలో ఉన్న స్విచ్ గుంపు చిరునామాలను సరిగ్గా దాటించకపోయినా, ఏదో ఒక ఫైర్‌వాల్ నియమం 89ని ఆపేసినా పింగ్ నిక్షేపంగా నడుస్తుంది, హలో మాత్రం చేరదు. కొన్నిసార్లు ఆ ఇంటర్‌ఫేస్‌ను పాసివ్‌గా పెట్టి మరిచిపోతారు. అప్పుడు రౌటర్ అసలు హలోయే పంపదు.

ఇంతకన్నా తెలివిగా దాక్కునే లోపం సబ్‌నెట్ మాస్క్‌ది. శాలిబండ వైపు 10.20.30.1, మాస్క్ 255.255.255.252. ఫలక్‌నుమా వైపు 10.20.30.2, మాస్క్ 255.255.255.248. రెండు చిరునామాలూ రెండు లెక్కల ప్రకారమూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి కాబట్టి పింగ్ హాయిగా పోతుంది. ఈథర్‌నెట్ లాంటి ప్రసార లింకు మీద ఓఎస్‌పీఎఫ్ మాత్రం హలోలోని మాస్క్‌ను తన మాస్క్‌తో పోల్చి చూసి, తేడా కనిపించగానే ఆ హలోను పక్కన పడేస్తుంది. మన ఇద్దరి పటంలో ఈ వీధి కొలతలే వేరుగా ఉన్నప్పుడు పటం కలపడం ఎలా అన్నది దాని వాదన. ఆ వాదన న్యాయమే.

వ్యవధులు కూడా అంతే. ఒక వైపు 10, 40 సెకన్లు, ఇంకో వైపు 30, 120 సెకన్లు ఉంటే పొరుగు కుదరదు. ఏరియా సంఖ్యలు వేరైతే కుదరదు. రహస్య పదం ఒక చోట సరిగ్గా, ఇంకో చోట చివర్లో ఒక ఖాళీతో టైపు చేసినా కుదరదు. కాలిపోయిన రౌటర్ బదులు కొత్తది పెట్టి, తొందరలో పక్క రౌటర్ సెట్టింగులనే దించేస్తే రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య వచ్చి కూర్చుంటుంది. తన సంఖ్యతోనే వచ్చిన హలోను ఏ రౌటరూ పొరుగు మాటగా తీసుకోదు. ఇవన్నీ రెండు వైపుల సెట్టింగులను పక్కపక్కన పెట్టి వరుసగా చదివితే దొరికేవే. ఒక్క వైపే చూస్తూ కూర్చుంటే ఎంతసేపటికీ దొరకవు. ఎందుకంటే విడివిడిగా చూస్తే ఏ వైపూ తప్పు కాదు. తప్పు వాటి మధ్య తేడాలో ఉంది.

ఒకరికి వినిపిస్తోంది, ఒకరికి లేదు

రెండు చివర్ల నుంచి ఇద్దరు టెక్నీషియన్లు ఫోన్లో మాట్లాడుకుంటే సంభాషణ ఇలా సాగుతుంది.

“అన్నా, పోర్ట్ లైట్ వెలుగుతున్నదా?”

“వెలుగుతున్నది. నైబర్ చూస్తే ఇనిట్‌ల ఆగింది. నీ తాన?”

“నా తాన నైబరే కనిపిస్తలేదు. ఖాళీ ఉన్నది.”

ఈ మూడు మాటల్లోనే రోగం బయటపడిపోయింది. ఇనిట్ అని చెబుతున్నది శాలిబండ రౌటర్ అనుకుందాం. దానికి ఫలక్‌నుమా హలో వినిపిస్తోంది. అంటే ఫలక్‌నుమా నుంచి శాలిబండకు వచ్చే దారి బాగానే ఉంది. ఆ హలోలో శాలిబండ పేరు లేదు. అంటే శాలిబండ మాట ఫలక్‌నుమాకు చేరడం లేదు. అక్కడ జాబితా ఖాళీగా ఉండటం దాన్నే రుజువు చేస్తోంది. కాబట్టి వెతకాల్సింది శాలిబండ నుంచి ఫలక్‌నుమాకు వెళ్లే దిశలో మాత్రమే: ఆ దిశలో వెలుగును మోసే ఫైబర్ పోగు, ఆ కనెక్టర్, ఆ వైపు ప్యాకెట్లను ఆపే నియమం.

ఇందులో సులువుగా పొరబడే సంగతి ఒకటుంది. ఫిర్యాదు చెబుతున్నది ఖాళీ జాబితా ఉన్న ఫలక్‌నుమా. దాంతో చాలామంది అక్కడికే పరుగెత్తి అక్కడి రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తారు. అడ్డంకి శాలిబండలో ప్యాకెట్లు బయటికి వెళ్లే గుమ్మం దగ్గర ఉంటే ఫలక్‌నుమాలో ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు.

ఒక పోగు తెగితే పోర్ట్ లైట్ ఆరిపోవాలి కదా అనే ప్రశ్న రావచ్చు. ఫైబర్ నేరుగా రౌటర్‌లోకి వస్తే సాధారణంగా ఆరిపోతుంది. మధ్యలో మీడియా కన్వర్టర్ ఉంటే రౌటర్‌కు కనిపించేది తన పక్కనున్న కన్వర్టరే, అవతలి ఊరు కాదు. అర మీటరు రాగి తీగ బాగుందని పచ్చలైటు చెబుతుంది. ఆ తరువాత 5 కిలోమీటర్ల సంగతి దానికి తెలియదు. పచ్చలైటును నమ్మే ముందు అది ఏ తీగ గురించి సాక్ష్యం చెబుతోందో అడగాలి.

చిన్నవి పోతాయి, పెద్దవి పోవు

హలోలు బాగా వెళ్తున్నాయి. టూ-వే దాటింది. కానీ ఒక రౌటర్ ఎక్స్‌స్టార్ట్ దగ్గర, ఇంకోటి ఎక్స్ఛేంజ్ దగ్గర నిలిచిపోయి, కాసేపటికి కిందికి జారి, మళ్లీ ఎక్కుతున్నాయి. ఇది కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఎంటీయూని, అంటే ఒక ఇంటర్‌ఫేస్ ముక్కలు చేయకుండా మోయగల అతిపెద్ద ప్యాకెట్ కొలతను. ఈథర్‌నెట్‌లో ఇది మామూలుగా 1500 బైట్లు. పెద్ద నెట్‌వర్కుల్లో 9000 దాకా పెంచుతారు.

హలో చిన్న ప్యాకెట్. అది ఎందులోనైనా దూరిపోతుంది. పత్రాల జాబితాలు మార్చుకునే మెట్టు మీద మాత్రం పెద్ద ప్యాకెట్లు బయలుదేరతాయి. అందుకే ఆ మెట్టు మొదట్లోనే రౌటర్లు తమ ఎంటీయూ చెప్పుకుంటాయి. అవతలి వాళ్ల కొలత తాను మోయగలిగిన దానికన్నా పెద్దదైతే రౌటర్ ఆ ప్యాకెట్‌ను తీసుకోదు. కొన్ని రౌటర్లలో ఈ సరిచూపును పట్టించుకోవద్దని చెప్పే ఆదేశం ఉంది. దాన్ని కొట్టగానే నైబర్ ఫుల్ కావచ్చు. అయితే కొలతల తేడా అలాగే మిగిలి ఉంటుంది. రేపు నెట్‌వర్క్ పెరిగి, పత్రాలు పెద్దవయ్యాక అదే తేడా ఇంకా అర్థంకాని రూపంలో తిరిగి వస్తుంది. రెండు వైపులా కొలత సమానం చేయడమే అసలు మందు.

ఇంకా చిక్కైన రకం ఉంది. రెండు రౌటర్లలోనూ 9000 అనే రాశారు, తేడా లేదు. కానీ మధ్యలో ఇంకో కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్న లింకు 1500 మాత్రమే మోస్తుంది. ఇప్పుడు సెట్టింగులు ఎంత పోల్చినా ఏమీ దొరకదు. పరీక్ష ఇలా చేయాలి: ముక్కలు చేయవద్దనే గుర్తు పెట్టి, పింగ్ కొలతను పెంచుకుంటూ పోవాలి. 1472 బైట్ల పింగ్ పోయి 1473 పోకపోతే, పై శీర్షికల 28 బైట్లు కలుపుకుని ఆ దారి మోయగలిగింది సరిగ్గా 1500 అని తేలుతుంది. మామూలు చిన్న పింగ్ ఈ నిజాన్ని ఎన్నటికీ చెప్పలేదు.

వేర్వేరు సంస్థల రౌటర్ల మధ్య నడిచే బీజీపీలోనూ ఇదే రోగం ఇంకో వేషంలో వస్తుంది. హైదరాబాద్‌లోనూ ఒక కేంద్రం ఉన్న నిక్సీ లాంటి ఎక్స్ఛేంజ్‌ల దగ్గర ఇంటర్నెట్ కంపెనీలు కలుసుకునేది ఈ భాషతోనే. బీజీపీ మాటలు టీసీపీ మీద, 179వ పోర్ట్ ద్వారా సాగుతాయి. పరిచయం చిన్న సందేశాలతో అయిపోతుంది, సెషన్ నిలబడుతుంది. తరువాత దారుల జాబితాతో పెద్ద ప్యాకెట్ బయలుదేరి మధ్యలో పోతుంది. టీసీపీ వరుస తప్పనివ్వదు కాబట్టి ‘నేను బతికే ఉన్నాను’ అని చెప్పే చిన్న సందేశాలు కూడా ఆ పోయిన ప్యాకెట్ వెనకే నిలిచిపోతాయి. చాలా రౌటర్లలో గడువు 180 సెకన్లు. అది తీరగానే సెషన్ తెగుతుంది, మళ్లీ కలుస్తుంది, మళ్లీ మూడు నిమిషాలకు తెగుతుంది. గడియారం పెట్టినట్టు తెగే సెషన్‌ను చూస్తే ముందు పెద్ద ప్యాకెట్లను పరీక్షించండి.

కలుస్తూ విడిపోయేవి

అసలు కలవని పొరుగు కన్నా కలుస్తూ విడిపోయే పొరుగు ఎక్కువ నష్టం చేస్తుంది. విడిపోయిన ప్రతిసారీ ఐదు రౌటర్లూ పటాన్ని తిరగరాసి, దారులు మళ్లీ లెక్కగట్టాలి. ఆ లోపల చెల్లింపు మధ్యలో ఆగుతుంది, వీడియో కాల్‌లో డాక్టరు ముఖం బిగుసుకుపోతుంది.

ఇక్కడ లాగ్‌లోని సమయాలే ప్రధాన సాక్షులు. రోజూ రాత్రి ఎనిమిది, పది మధ్య తెగుతుంటే లింకు నిండిపోయి హలోలు నలిగిపోతున్నాయేమో చూడాలి. రౌటర్ తన నియంత్రణ ప్యాకెట్లకు ముందు వరుస ఇచ్చేలా సెట్ చేయాలి. ఎండాకాలం మధ్యాహ్నాల్లోనే తెగుతుంటే రేకుల గదిలో, మూసిన పెట్టెలో ఉన్న కన్వర్టర్ వేడిని అనుమానించాలి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తెగుతుంటే యూపీఎస్ బ్యాటరీ చూడాలి. తెగడం ఏ క్రమానికీ లొంగకపోతే వదులుగా ఉన్న కనెక్టర్‌నో, గాలికి ఊగే కేబుల్‌నో వెతకాలి.

పైకి అంతా బాగున్నట్టు కనిపించే లోపం కూడా ఒకటుంది. ఒక వైపు లింకును ప్రసార రకంగా, ఇంకో వైపు ఇద్దరి మధ్య లింకుగా రాస్తే, వ్యవధులు సరిపోయినప్పుడు రెండూ ఫుల్ అంటాయి. అయినా దారులు పట్టికలోకి రావు. ఒకే లింకును రెండు పత్రాలూ రెండు రకాలుగా వర్ణించడం వల్ల పటంలో గీత రెండు కొసలూ కలవవు. ఫుల్ అని కనిపించాక కూడా దారులు వచ్చాయో లేదో చూడాలి.

ఇంత పట్టింపు ఎందుకు

ఒక మాస్క్ తేడాకు, కొన్ని బైట్ల తేడాకు మొత్తం లింకునే వదులుకోవడం మొండితనంలా కనిపించవచ్చు. ఈ పట్టింపు వెనక ఖరీదైన అనుభవం ఉంది.

1980 అక్టోబరు 27న ఆర్పానెట్ దాదాపు నాలుగు గంటల పాటు పనికిరాకుండా పోయింది. కారణం ఒక ఐఎంపీ జ్ఞాపకంలో చెదిరిన బిట్లు. దాని వల్ల ఒకే ఐఎంపీ పేరు మీద 8, 40, 44 అనే వరుస సంఖ్యలతో మూడు సమాచార పత్రాలు నెట్‌వర్క్‌లోకి వెళ్లాయి. ఆ సంఖ్యలు 63 తరువాత మళ్లీ సున్నాకు తిరిగేవి. ఆ గుండ్రటి లెక్కలో 40 కన్నా 44 కొత్తది, 8 కన్నా 40 కొత్తది, 44 కన్నా 8 కొత్తది. ప్రతి ఐఎంపీ వచ్చిన పత్రాన్ని కొత్తదని నమ్మి పొరుగుకు అందించింది. మూడు పత్రాలూ అంతం లేకుండా చక్కర్లు కొట్టాయి. లైన్ మీద ప్రయాణించేటప్పుడు తప్పులు పట్టే ఏర్పాటు ఉంది కానీ, జ్ఞాపకంలో ఉన్నప్పుడు చెడిన దాన్ని పట్టే ఏర్పాటు లేదు. ఎరిక్ రోజెన్ దీన్ని విశ్లేషించి 1981లో ఆర్‌ఎఫ్‌సీ 789గా రాశాడు. చెడు సమాచారం వ్యాపించినా నెట్‌వర్క్ తనంతట తాను కోలుకోవడం ఎలాగో 1983లో రేడియా పర్ల్‌మన్ ఒక వ్యాసంలో చూపించింది.

ఆ పాఠాలు ఓఎస్‌పీఎఫ్‌లోకి వచ్చాయి. వరుస సంఖ్యలు గుండ్రంగా తిరగవు. ప్రతి పత్రానికీ తనదైన సరిచూపు సంఖ్య ఉంటుంది. ప్రతిదానికీ వయసు ఉంటుంది: 1800 సెకన్లకు ఒకసారి యజమాని దాన్ని కొత్తగా పంపాలి, 3600 సెకన్లు నిండితే అది చెల్లదు. ఆ రోజు ఆర్పానెట్‌లో ప్రతి ఐఎంపీ పొరుగు మాటను గుడ్డిగా నమ్మింది. ఇప్పటి రౌటర్ నమ్మే ముందు అడుగుతుంది. శాలిబండ, ఫలక్‌నుమా రౌటర్లు కలవకపోతే ఒక లింకు ఆగుతుంది, వలయం రెండో వైపు నుంచి పని నడుస్తుంది. తప్పుగా కలిస్తే ఐదు చోట్లా పటం చెడుతుంది. కాబట్టి నైబర్ రాలేదన్నది రౌటర్ చేసిన తప్పు కాదు, అది మనకు అందించిన సమాచారం. దాని నోరు మూయించే ఆదేశాలు వెతికే ముందు అది ఏమంటోందో చదవాలి.

రెండు చివరలకూ ఒకే కాగితం

పద్ధతిని కుదించి చెప్పుకుందాం. ముందు వెలుగు కొలవాలి. తరువాత చిన్న పింగ్, ఆ తరువాత పెద్ద పింగ్. నైబర్ ఏ మెట్టు మీద ఆగిందో రెండు చివర్లలోనూ చూసి రాసుకోవాలి. డౌన్ అయితే హలో బయలుదేరుతోందా, చేరుతోందా, చేరాక ఏదైనా తేడా వల్ల తిరస్కరణకు గురవుతోందా అని చూడాలి. ఇనిట్ అయితే ఆ రౌటర్ నుంచి అవతలికి వెళ్లే దిశను వెతకాలి. ఎక్స్‌స్టార్ట్, ఎక్స్ఛేంజ్ అయితే ఎంటీయూ. ఫుల్ అయినా దారులు రాకపోతే లింకు రకం. ఒకసారికి ఒక్కటే మార్చి ఫలితం చూడాలి. ఐదు సెట్టింగులు ఒకేసారి మార్చి బాగుచేసినవారికి ఏది బాగుచేసిందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటికి వస్తారు.

రౌటర్‌ను ఆపి వేయడం చివరి పనిగా ఉండాలి. ఆపగానే అందులోని తాత్కాలిక లాగ్‌లూ, నైబర్ స్థితీ చెరిగిపోతాయి. సాక్ష్యాన్ని చేతులారా తుడిచేయడం అది.

పాతబస్తీ లాంటి చోట దీనికి ఇంకో అలవాటు తోడవ్వాలి. ప్రతి లింకుకూ ఒకే కాగితం, అదే కాగితం రెండు చివర్లలోని పెట్టెల్లోనూ ఉండాలి. ఏ పోగు ఏ స్తంభాల మీదుగా వెళ్తోంది, బాగున్న రోజున వెలుగు కొలత ఎంత, రెండు వైపుల చిరునామాలు, మాస్క్, ఏరియా, వ్యవధులు, ఎంటీయూ, మధ్యలో ఎవరి పరికరం ఉంది అన్నవి అందులో రాయాలి. రహస్య పదం మాత్రం అందులో ఉండకూడదు. కేబుల్ మీద కూడా చెరిగిపోని చీటీ ఉండాలి. అప్పుడు స్తంభం మార్చే విద్యుత్ సిబ్బందికి ఏ తీగ ఎవరిదో తెలుస్తుంది, రాత్రి పిలుపు అందుకున్న కుర్రాడికి బాగున్నప్పటి లెక్క చేతిలో ఉంటుంది. ఖరీదైన పరికరం లేకపోయినా ఈ పని జరుగుతుంది.

మరమ్మతు చాలాసార్లు పది నిమిషాల పని. గంటలు తినేది ‘తప్పు మా వైపు లేదు’ అని రెండు చివరలూ విడివిడిగా తేల్చుకోవడం. విడిగా చూస్తే రెండూ నిజమే చెబుతుంటాయి. పొరుగు అన్నది ఏ ఒక్క పెట్టెలోనూ లేదు, ఆ రెండింటి ఒప్పందంలో ఉంది. ఒప్పందాన్ని సరిచేయాలంటే రెండు వైపులవాళ్లూ ఒకే సమయంలో, ఒకే కాగితం ముందుపెట్టుకుని మాట్లాడుకోవాలి.